బోల్టు మీద గోళ్ళరంగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. ఆ కోపం లేకపోతే నేను కారు బానెట్ ఎత్తేదాన్నే కాదు.

కోరుట్లలో మా ఇంటి పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అందులో పసుపు సంచులు ఉండేవి. ఇప్పుడు కారు ఉంది. కారు మా ఆయనది. ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు, ఎవరో అమ్ముతున్నారని తెలిసి, నాతో ఒక మాటైనా చెప్పకుండా కొనుక్కొచ్చాడు. పాత పెట్రోల్ కారు. అప్పట్లో రేసుల పిచ్చి ఉన్న కుర్రాళ్ళంతా దాని కోసం కలలు కనేవాళ్ళట. కాలేజీ రోజుల్లో ఆయన హాస్టల్ గదిలో గోడకు దాని బొమ్మ అంటించుకున్నాడట. పెళ్ళిపీటల మీద నన్ను చూసి కూడా ఆయన అంతగా మురిసిపోలేదు, నాకు బాగా గుర్తుంది.

సెలవు అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు కారు ఆగి ఉన్నప్పుడు కూడా గజగజ వణకడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక మెకానిక్‌ను పిలిపించాను. ఆయన బానెట్ ఎత్తి, లోపలికి ఒక చూపు చూసి, మళ్ళీ దించేశాడు.

"మేడమ్, గిది షోకు బండి. దీని సంగతి మీకు చెప్పినా సమజ్ కాదు. సార్ అచ్చినప్పుడు నాకు ఫోన్ చేయమనుండ్రి" అన్నాడు.

నేను బళ్ళో లెక్కల టీచరును. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి అర్థమయ్యేలా చెప్పగలిగిన మనిషిని. నాకు సమజ్ కాదా? ఆ రోజు కూర మాడిపోయింది, అన్నం మెత్తబడింది, నా మనసంతా ఆ మాట మీదే ఉంది. వంటింట్లోనే ఫోన్ తీసి, కారు ఎందుకు వణుకుతుందో వీడియోలు వెతకడం మొదలుపెట్టాను.

నా గురువులంతా ఫోన్లోనే ఉన్నారు. ఒకాయన తమిళంలో చెప్పేవాడు, ఒకాయన హిందీలో, ఇంకో దేశంలో ఒక ముసలాయన అసలు మాట్లాడేవాడే కాదు, చేతులు మాత్రమే చూపించేవాడు. నాకు అందరికంటే బాగా అర్థమైంది ఆయన పాఠమే. ఇంజిన్ గాలి పీల్చుకోవడానికి ఒక దారి ఉంటుందనీ, ఎక్కడైనా రబ్బరు పైపు పగిలి దొంగదారిలో గాలి పోతే ఇంజిన్ వణుకుతుందనీ అలా నేర్చుకున్నాను. పగులు ఎక్కడుందో పట్టుకోవడానికి అగరుబత్తి చాలన్నారు. పెట్రోల్ వాసన ఎక్కడా లేదని చూసుకుని, ఇంజిన్ నడుస్తుండగా అగరుబత్తి వెలిగించి ఒక్కో పైపు దగ్గరికీ తీసుకుపోయాను. షెడ్డు ముందు నిలబడి మా అత్తమ్మ చూస్తోంది.

"దేవుని అర్రల దీపం పెట్టెటందుకు తీరదు గని, ఇంజిన్‌కు ధూపమేస్తున్నవా కోడలా?" అంది.

ఒక వంపు దగ్గర పొగ పైకి లేవకుండా సన్నగా పైపులోకి పోయింది. వేలు పెట్టి చూస్తే వెంట్రుకంత పగులు. జగిత్యాలలో కార్ల సామాన్లు అమ్మే దుకాణం నుంచి కొత్త పైపు తెచ్చి వేశాను. వణుకు ఆగిపోయింది. అత్తమ్మ నా వైపు చూసింది, కారు వైపు చూసింది, లోపలికి వెళ్ళి నాకు చాయ్ పెట్టుకొచ్చింది. ఆ చాయ్ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇక ఆగలేదు. ప్లగ్గులు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ నేర్చుకున్నాను. ఇంజిన్ కంప్యూటర్‌కు చిన్న స్కానర్ తగిలించి, పెట్రోల్ ఎంత పోతోందో, నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో ల్యాప్‌టాప్‌లో గీతలుగా చూడటం నేర్చుకున్నాను. ఆ గీతలు చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలకు బోర్డు మీద నేను గీసే గ్రాఫులే అవి. ట్యూనింగ్ అంటే వేగంగా తోలడం అనుకుంటారు చాలామంది. కాదు. కాలు ఎంత ఆనిస్తే ఇంజిన్ అంతే బదులివ్వాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఆ మాట వినే గుణం కోసం నేను నెలల తరబడి ఆదివారాలన్నీ ఆ షెడ్డులో గడిపాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎప్పుడూ లేచి ఉన్న బానెట్ చూసి "మీ కారుకు ఎప్పటికి జ్వరమేనా?" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని.

చేతుల సంగతి మాత్రం ఇబ్బందిగా ఉండేది. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నల్ల నూనె పోయేది కాదు. బళ్ళో తల్లిదండ్రుల మీటింగుల్లో చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. చివరికి ముదురు ఎరుపు గోళ్ళరంగు ఒకటి కొన్నాను. మరక కనపడేది కాదు. ఆ సీసాకు తర్వాత ఇంకో పని కూడా దొరికింది. ముఖ్యమైన బోల్టు బిగించాక, బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీసేదాన్ని. బోల్టు కొంచెం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. మెకానిక్‌లు దానికోసం ప్రత్యేకంగా ఒక పెన్ను వాడతారు. నాకు గోళ్ళరంగు చాలు.

ఇప్పుడు మా బాపు గురించి చెప్పాలి. బాపు అంటే మా నాన్న.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల మేస్త్రి. బయటివాళ్ళు మరమగ్గాలు అనేవాటినే మేము సాంచాలంటాం. ఏ షెడ్డులో సాంచా మొరాయించినా బాపునే పిలిచేవాళ్ళు. భుజాన గుడ్డసంచి, సంచిలో ఆయన పాన. స్పానర్‌ను మా వైపు పాన అంటారు. దాని పళ్ళు అరిగి, ఒక మూల కొంచెం విరిగి ఉండేది. అయినా దాన్ని ఎవరికీ ముట్టనిచ్చేవాడు కాదు.

సాంచాల చప్పుడులో మాట వినపడదు. అందుకే షెడ్డులో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. అరచెయ్యి కిందికి తొక్కితే ఆపు, వేలు గుండ్రంగా తిప్పితే నడిపించు. నేను అక్షరాల కంటే ముందు ఆ సైగలు నేర్చుకున్నాను. ఇంకో పద్ధతి కూడా అక్కడే నేర్చుకున్నాను. గుడ్డలో తప్పు పడితే, ఎవరి చేతిలో పడిందో వాళ్ళే సాంచా ఆపి, తప్పు దాకా పేకలు, అంటే అడ్డదారాలు, ఒక్కొక్కటీ లాగి విప్పాలి. ఇంకెవరూ ముట్టరు. చిన్నప్పుడు నేను ఆటలో దారం తెంపితే, గుడ్డలో తప్పు పడింది. బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పక్కన పీట వేసి కూర్చోబెట్టి ఆ పేకలన్నీ నాతోనే విప్పించాడు.

ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో ఉండి బాపు చెవులు పోయాయి. ఇప్పుడు చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు. సాంచా ఎక్కడ చెడిందో మేస్త్రి చెవితో పట్టుకోవాలి. అందుకని పిలవడం తగ్గించారు, తర్వాత మానేశారు. ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఇగ రెస్ట్ తీసుకోరాదె పెద్దాయనా" అని నవ్వుతూ చెప్పారు. అంతా మంచితనమే. ఆ మంచితనమే ఆయన్ను కుంగదీసింది. చెవులు పోయాక బాపుకు ఎవరూ నిజం చెప్పడం లేదని నాకు అనిపించేది. ఆయన ఏం మాట్లాడినా తలూపి నవ్వేవాళ్ళు. బాపు తంగళ్ళపల్లి దాకా నడిచి వచ్చేవాడు, మళ్ళీ ఇంటికి వచ్చి కూర్చునేవాడు. పాన మాత్రం సంచిలోనే ఉండేది, సంచి ఎప్పుడూ వెంటే ఉండేది.

ఈ మధ్య జగిత్యాలలో చెవుల డాక్టరుకు చూపిద్దామని ఆయన్ను కోరుట్లకు రప్పించాను. సరిగ్గా ఆ వారమే నేను అప్పటిదాకా చేసిన పనులన్నిటికంటే పెద్ద పని పూర్తి చేశాను. ఇంజిన్ ముందు ఒక పళ్ళ బెల్టు ఉంటుంది. కింద తిరిగే ఇరుసునూ, పైన వాల్వులను తెరిచే ఇరుసులనూ అది ఒకే తాళంలో తిప్పుతుంది. టైమింగ్ బెల్టంటారు. దాన్ని నా చేతులతో మార్చాను. గుర్తులన్నీ కలిపి, బెల్టును బిర్రుగా పట్టి ఉంచే బోల్టు బిగించి, ఎర్రగీత గీశాను. మర్నాడు ఇంకోసారి చూద్దామని పై మూత పెట్టకుండా ఉంచాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇంజిన్ తిప్పి చూస్తే మెత్తగా నడిచింది. మూత పెట్టేశాను. కిందికి వంగి గీత చూడాల్సింది. చూడలేదు.

ఆదివారం పొద్దున బాపును ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జగిత్యాల బయల్దేరాను. గర్వంగా ఉంది. నేను బిగించిన ఇంజిన్, నేను దిద్దిన గీతలు, పక్కన మా బాపు. మేడిపల్లి దాటాక ఒక వరికోత మిషన్ రోడ్డంతా ఆక్రమించి పోతోంది. దాన్ని దాటుదామని గేరు తగ్గించి కాలు ఆనించాను. ఇంజిన్ ఒక్కసారి ఎగిరిపడింది. వెనక పొగగొట్టంలోంచి టపటపమని చప్పుళ్ళు, డాష్‌బోర్డు మీద పసుపు లైటు. కారు రోడ్డు పక్కకు తీసి ఆపేశాను.

బాపుకు చప్పుడు వినపడలేదు గానీ సీటు అదరడం తెలిసింది. "ఏందో ఎగిరింది బిడ్డా" అన్నాడు.

వెనకనుంచి సామాను తీసి మూత విప్పాను. గుర్తులు కలవడం లేదు. బెల్టు పన్ను జారింది. ఎక్కడ తప్పు చేశానా అని కిందికి వంగి చూశాను. నా ఎర్రగీత రెండు ముక్కలై ఉంది. బోల్టు తిరిగి ఉంది. దాని అంచుల మీద కొత్త గీరలు, ఒక మూల విరిగిన పాన చేసే గీరలు. ఆ గీరలు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? మా పుట్టింట్లో ప్రతి బోల్టు మీదా అవే.

ఏం జరిగిందో మొత్తం అర్థమైంది. నేను బడికి పోయినప్పుడు బాపు షెడ్డులోకి వచ్చాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. సాంచాకు బెల్టు ఎప్పుడూ కొంచెం వదులుగా ఉండాలి. అడ్డదారం మోసే నాడె మధ్యలో చిక్కుకుంటే బెల్టు జారిపోవాలి. జారితే సాంచా బతుకుతుంది, జారకపోతే విరుగుతుంది. ఆయన బతుకంతా ఆ వదులును వేలితో చూసి పెట్టినవాడు. నా బెల్టు తీగలా బిర్రుగా ఉండటం చూసి, బిడ్డకు తెలియక ఎక్కువ బిగించిందనుకుని వదులు చేశాడు. ఇక్కడ బెల్టు జారితే తాళం తప్పుతుంది.

సరిగ్గా అప్పుడే మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయనకు జరిగిందంతా చెప్పాను.

"మామకు చెప్పకు" అన్నాడు. "బెల్టు నకిలీదున్నదని చెప్పు. పెద్దమనిషి మనసెందుకు ఖరాబ్ చేసుడు?"

ఆయన చెప్పిందీ మంచికే. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. నిజం చెబితే బాపు ఇక పాన ముట్టడేమోనని భయం వేసింది. ఆ సంచి గోడకు వేలాడదీస్తే, దానితోపాటే మనిషి కూడా ఆగిపోతాడు. కానీ అబద్ధం చెబితే? నేను కూడా ఆ తలూపి నవ్వేవాళ్ళలో ఒకదాన్నవుతాను. రెస్ట్ తీసుకో అన్నట్టే అవుతుంది. లోపల కోపం కూడా ఉంది, దాచడం ఎందుకు. నన్నడగకుండా నా ఇంజిన్‌ను ముట్టుకున్నాడు. వేరే మేస్త్రి వచ్చి తన సాంచాను అలా ముట్టుకుంటే బాపు ఊరుకునేవాడా?

లారీలు పోతున్నాయి, అరిచినా ఆయనకు వినపడదు. షెడ్డులోలాగే చేతులతో చెప్పాను. బోల్టు చూపించాను. పిడికిలి ఎడమవైపుకు తిప్పాను. తర్వాత వేలు ఆయన వైపు చూపాను.

బాపు వంగి చూశాడు. విరిగిన గీతను వేలితో తడిమాడు. ముఖం మాడిపోయింది. చెప్పకుండా ఉండాల్సిందా అనిపించింది.

"గంత బిర్రుగ ఉంటె తెగదా?" అన్నాడు.

ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. "దీనికి పండ్లున్నయి బాపూ. సాంచాది జారాలె. ఇది జారద్దు. జారితే పైది కిందిది తాళం తప్పుతయి."

బెల్టు పళ్ళను గోటితో గీరి చూశాడు. పళ్ళ చక్రం చూశాడు. ఇంకా నమ్మకం కుదరక మళ్ళీ చూశాడు. అప్పుడు నన్ను చూశాడు. ఆ చూపులో నామోషీ లేదు. సాంచా ముందు నిలబడ్డప్పుడు ఉండే చూపు అది. నేను ఆ చూపును ఎన్నాళ్ళుగానో చూడలేదు.

"నా చేతుల చెడ్డది. నేనే బిగిస్త" అన్నాడు. "ఎట్ల జెయ్యాల్నో నువ్వు చెప్పు."

దారిన పోతున్న ఒక రైతును బతిమాలితే, ఆయన ట్రాక్టరుకు తాడు కట్టి కారును కోరుట్లకు లాక్కొచ్చాడు. ఎంత వేగం కారైతే ఏం, ఆ రోజు ట్రాక్టరు వెనక బుద్ధిగా నడిచింది. అత్తమ్మ వాకిట్లో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికే.

ఆ మధ్యాహ్నం షెడ్డులో నేను చెప్పాను, బాపు చేశాడు. ముందు లోపల ఏమీ దెబ్బ తినలేదని చూసుకున్నాం. బెల్టు కొంచెమే జారింది కాబట్టి వాల్వులు బతికాయి. తర్వాత ఒక్కో గుర్తునూ కలిపాం. ఆయన తొందరపడితే అరచెయ్యి కిందికి తొక్కాను. ఆగాడు. ఎవరికీ తలవంచని మా బాపు, నేను వేలు తిప్పితే తిప్పాడు. ఒకచోట నేను చెప్పింది ఆయనకు నచ్చక గొణిగాడు. నేనూ ఊరుకోలేదు. ఇద్దరం కాసేపు చేతులతోనే తిట్టుకున్నాం.

చివర బోల్టు బిగించడానికి ఆయన సంచిలోకి చెయ్యి పెట్టాడు. నేను ఆపి, నా పాన ఇచ్చాను. దానికి ఎంత బలం పట్టాలో ముందే పెట్టుకోవచ్చు. అంత బలానికి చేరగానే టక్కుమంటుంది. ఇచ్చాక గుర్తొచ్చింది, బాపుకు ఆ టక్కు వినపడదు. ఆపమని సైగ చేద్దామని చెయ్యి లేపాను. ఆయనే ఆగిపోయాడు.

"చేతికి తెలిసింది" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "గింత మంచి పాన నాకు ఇన్ని రోజులు చూపియ్యకపోతివి."

తర్వాత చెయ్యి చాపాడు. ఏం కావాలో అర్థం కాలేదు. నా గోళ్ళ వైపు చూపించాడు. సీసా ఇచ్చాను. వంగి, ఊపిరి బిగపట్టి, బోల్టు మీద ఎర్రగీత తానే గీశాడు. నా గీత కంటే తిన్నగా గీశాడు. ఇంజిన్ నడిపించాక అరచెయ్యి దాని మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వేలు గుండ్రంగా తిప్పాడు. నడవనీ అని.

మర్నాడు బడికి సెలవు పెట్టి జగిత్యాల పోయాం. దారిలో మేడిపల్లి దగ్గర బాపే నా మోకాలు తట్టి, తొక్కమన్నాడు. తొక్కాను. కారు మాట విన్నది. ఆయన సీటుకు ఆనుకుని, అరచెయ్యి డాష్‌బోర్డు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరు చెవులు చూసి, ఏ చప్పుడులో పని చేశాడని అడిగాడు. సాంచాల్లో అని చెప్పాను.

"ఇప్పుడు? ఖాళీగనే ఉంటుండా?" అన్నాడు డాక్టరు.

ఆ ప్రశ్నను సైగల్లో బాపుకు చెప్పాను. ఆయనకు తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. తలుపు తెరిచే ఉంది. బయట కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది.

"ఖాళీ ఏంది సారూ? నా బిడ్డ తాన కారు పనికి కుదిరిన. మొదటి పని ఖరాబ్ చేసిన. తిట్టింది. నిన్న మళ్ళ నేనే బాగ చేసిన!"

బయటివాళ్ళు మెడలు చాచి నా వైపు చూశారు. డాక్టరు నా చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది. ఆ పొద్దున రంగు వేసుకుందామంటే సీసా దొరకలేదు. అది మా బాపు సంచిలో, పాన పక్కన ఉంది.